హాయిగా ముగిసే ప్రేమకథలు

జాబ్రియా నుంచి మాట్లాడుతున్నాను. వృత్తి ఐటీ కన్సల్టెంటు, వ్యసనం నవలలు. పద్నాలుగేళ్ళ పిల్ల చేతిలో ప్రేమ నవల కనబడితే మన ఇళ్ళలో చిన్న యుద్ధమే కదండీ!

జెన్నీ హాన్ 2014లో రాసిన 'టు ఆల్ ద బాయ్స్ ఐ హావ్ లవ్డ్ బిఫోర్' మా అక్కయ్య కూతురికి ప్రాణం. నచ్చిన అబ్బాయిలకు లారా జీన్ రహస్యంగా రాసి దాచుకున్న ఉత్తరాలు వాళ్ళకే చేరిపోతాయి. ఇక సిగ్గూ, నవ్వూ, తికమకా!

ఇలాంటి కథల్లో చివరికి ఇద్దరూ కలుస్తారని ముందే తెలుసు. మరెందుకు చదవడం? తెలుసు కాబట్టే! ఏమవుతుందోనన్న బెంగ లేదు గనక ధ్యాసంతా ఆ అమ్మాయి మనసు మీదే. ఇష్టమని ఎలా చెప్పాలి? వద్దని ఎలా అనాలి? ఇవి మనల్ని అడగరండీ. పరువు పోకుండా పుస్తకంలోనే అనుభవించి చూసుకుంటారు.

మన అమ్మలు చేసిందీ అదే. 1960లలో వచ్చిన యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో అందరికీ రాజశేఖరం గుర్తుంటాడు. నాకు మాత్రం, ఉద్యోగం చేసుకుంటూ అతని హోదా ముందు తల వంచని జయంతే ఆ నవలకు ప్రాణం. 1973లో విజయనిర్మల సినిమాగా తీసిన 'మీనా'లోనూ అంతే, తల్లి చాటు పట్నం పిల్ల పల్లెకు వెళ్ళి తన ఇష్టమేమిటో తెలుసుకుంటుంది.

చిక్కు లేకపోలేదు. కొన్ని నవలల్లో హీరోగారి పెత్తనం కూడా ప్రేమగానే చెలామణీ అవుతుంది. అలాంటివాడు ఎందుకు నచ్చాడో పిల్లనే అడగండి. పుస్తకం లాక్కున్నాక అడిగితే మాత్రం చెప్పదు.