నోరు మంచిదైతే టీమ్‌ మంచిది!

నానక్‌రామ్‌గూడలో నాది నైట్‌ షిఫ్ట్‌. రాత్రి రెండింటికి విప్రో సర్కిల్‌ దగ్గర బండి మీద ఎగ్‌ దోశ, తెల్లారేలోపు నాలుగు కాఫీలు, ఏసీలో హెడ్‌సెట్‌ పెట్టుకుని గంటల కొద్దీ కాల్స్‌. రూమ్‌కెళ్లి బ్రష్‌ చేయకుండానే పడక. ఇదీ మన లైఫ్‌!

కొన్నాళ్లుగా నేను పక్కన కూర్చుంటే టీమ్‌ వాళ్లు కుర్చీ వెనక్కి జరుపుతున్నారు. నేనంటే పడదేమో అనుకున్నా. మీటింగుల్లో మాట్లాడటమే మానేశా. ఓ రోజు మా జూనియర్‌ పక్కకు పిలిచి, "అన్నా, తప్పుగా అనుకోకు. నోరు వాసనొస్తోంది. ఒకసారి డాక్టర్‌కి చూపించుకో" అంది. సిగ్గుతో చచ్చిపోయా. మన వాసన మన ముక్కుకు అలవాటైపోతుంది కాబట్టి మనకు తెలీదట!

"రోజూ మౌత్‌వాష్‌ వాడుతున్నా కదా మేడమ్‌?" అనడిగితే డెంటిస్ట్‌ నవ్వేశారు. "అది వాసనను కాసేపు కప్పుతుందంతే. నాలుక చివరిదాకా గీసుకుంటున్నావా?" అన్నారు. లేదు!

అసలు కథ అక్కడే ఉంది. నోటి దుర్వాసన ఎక్కువ మందికి పుట్టేది కడుపులో కాదు, నోట్లోనే. నాలుక వెనక భాగంలో, పళ్ల సందుల్లో, చిగుళ్ల కింద చేరిన బ్యాక్టీరియా ఆహారంలోని ప్రొటీన్లను విడగొట్టి గంధకం వాయువులు వదులుతుంది. కుళ్లిన గుడ్డు వాసన హైడ్రోజన్‌ సల్ఫైడ్‌ది. నోటిని కడిగేది లాలాజలం. కాఫీ, ఏసీ, నోటితో గాలి పీల్చడం, సిగరెట్‌... వీటితో నోరెండితే బ్యాక్టీరియాకి పండగే. ఇక ఉల్లి, వెల్లుల్లి వాసన రక్తంలో కలిసి ఊపిరితిత్తుల నుంచే వస్తుంది. అందుకే బ్రష్‌ చేసినా వెంటనే పోదు.

నాకు చిగుళ్ల కింద గార పేరుకుపోయింది. స్కేలింగ్‌ చేశారు. తర్వాత చెప్పినవివి:

• రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు ఫ్లోరైడ్‌ పేస్టుతో బ్రష్‌. మనమెప్పుడు పడుకుంటే అదే రాత్రి! పడుకునే ముందు తప్పనిసరి.
• రోజుకోసారి ఫ్లాస్‌. నాలుకను టంగ్‌ క్లీనర్‌తో వెనక నుంచి ముందుకు మెల్లగా గీసుకోవాలి.
• పక్కన నీళ్ల బాటిల్‌ ఉండాలి. చక్కెర లేని గమ్‌ నమిలితే లాలాజలం ఊరుతుంది.
• క్లోర్‌హెక్సిడిన్‌ మౌత్‌వాష్‌ డాక్టర్‌ చెప్పినన్ని రోజులే. ఎక్కువైతే పళ్లపై మరకలు పడతాయి.

ఇవన్నీ చేసినా తగ్గకపోతే టాన్సిల్స్‌లో రాళ్లు, సైనస్‌, ఎసిడిటీ ఉన్నాయేమో చూపించుకోవాలి. షుగర్‌ ఉన్నవాళ్ల ఊపిరి పండ్ల వాసనొస్తూ వాంతులు, ఆయాసం ఉంటే మాత్రం ఆలస్యం వద్దు, నేరుగా ఆస్పత్రికే! ప్రైవేటు ఖర్చు బరువనుకుంటే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్‌ కాలేజీ ఆస్పత్రి ఉంది.

కొన్ని వారాలకు నాకు తేడా తెలిసింది. నిన్న మీటింగులో నేనే ముందు మాట్లాడా. ఎవరి కుర్చీ కదల్లేదు! మీ ఫ్రెండ్‌కీ ఈ ఇబ్బంది ఉంటే వెనకాల నవ్వకండి. పక్కకు పిలిచి మెల్లగా చెప్పండి. నాకు అసలు మందు పడింది ఆ ఒక్క మాటతోనే.