బ్యాటరీ ట్రాలీకి లిథియం: ఛార్జర్‌ను మరువరాదు

పండ్ల తోటలలో క్రేట్లు, నర్సరీలలో మొక్కల సంచులు, పాడి క్షేత్రాలలో పచ్చిమేత మోసే చిన్న బ్యాటరీ ట్రాలీలలో చాలావాటికి నాలుగు 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలే ఆధారం. వాటి కాలం తీరినప్పుడు స్వయంగానో, స్థానిక మెకానిక్ సాయంతోనో లిథియం బ్యాటరీ అమర్చుకోవాలని రైతులు ఆలోచించడం సహజం. ఆలోచన మంచిదే. అయితే పాత ఛార్జర్‌నే కొనసాగిస్తే ఖరీదైన సెల్స్ దెబ్బతినే ప్రమాదమున్నది.

100 యాంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగింటి బరువు సుమారు 110 కిలోలు. అంతే సామర్థ్యం గల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ 50 కిలోల లోపే ఉంటుంది. మిగిలిన 60 కిలోలు మూడు క్రేట్ల మామిడికాయలతో సమానం. పైగా లెడ్ యాసిడ్‌లో సగం ఛార్జి వరకే వాడుకోవడం శ్రేయస్కరం. ఇందులో 80 శాతం వరకు వాడవచ్చు. మామిడి కోత ముగిశాక ట్రాలీని నెలల తరబడి వదిలివేస్తే లెడ్ పలకలపై సల్ఫేటు గట్టిపడుతుంది. లిథియంకు ఆ బెడద లేదు. సగం ఛార్జితో, మెయిన్ స్విచ్ ఆపి ఉంచి, రెండు నెలలకొకసారి వోల్టేజీ పరిశీలిస్తే చాలును. లిథియం రకాలలో ఐరన్ ఫాస్ఫేట్ వేడిని ఎక్కువగా తట్టుకుంటుంది కనుక మన వేసవికి అదే తగినది. పాత స్కూటర్ల నుండి తీసిన సెల్స్ చౌకగా దొరికినా వాటి చరిత్ర తెలియదు. వాటి జోలికి పోకపోవడమే మేలు.

ఒక్కొక్క సెల్ సాధారణ వోల్టేజీ 3.2; పూర్తి ఛార్జిలో 3.65. పదహారు సెల్స్ వరుసగా కలిపితే పూర్తి ఛార్జిలో 58.4 వోల్టులు వస్తాయి. కంట్రోలర్ అంత భరించగలదో లేదో దానిపై ఉన్న పట్టీలో ముందే చూడవలెను. భరించలేనిచో పదిహేను సెల్స్‌తో 54.75 వోల్టులకు పరిమితం కావచ్చు. ఛార్జర్ కూడా సెల్స్ సంఖ్యకు సరిపోవలెను. లెడ్ యాసిడ్ ఛార్జర్లలో కొన్ని, పలకలను సరిచేసే దశలో 60 వోల్టులు దాటిస్తాయి. అప్పుడు బి.ఎం.ఎస్. అడ్డుపడి సరఫరా ఆపుతుంది నిజమే. కాని అది ఆఖరి కాపలాదారు, రోజూ ఛార్జింగ్ ఆపే స్విచ్ కాదు. అది ఒక్కసారి విఫలమైతే సెల్స్ ఉబ్బుతాయి.

బి.ఎం.ఎస్. సామర్థ్యం కంట్రోలర్ తీసుకొనే గరిష్ఠ కరెంటు కంటే అధికంగా ఉండవలెను. లేనిచో నిండు బరువుతో గట్టు ఎక్కేటప్పుడు ట్రాలీ ఆగిపోతుంది. పాత మీటరు కూడా మోసగిస్తుంది. లిథియం వోల్టేజీ చివరి వరకు దాదాపు ఒకే తీరుగా ఉండి ఒక్కసారిగా పడిపోతుంది. కాలువ గట్టు మీద సరుకుతో నిలిచిపోకుండా ఉండాలంటే యాంపియర్-అవర్లు లెక్కించే మీటరు అమర్చడం మంచిది.

సెల్స్‌ను వరుసలో కలిపే ముందు అన్నింటినీ సమాంతరంగా కలిపి 3.65 వోల్టుల వరకు సమంగా ఛార్జి చేయవలెను. తొందరలో చాలామంది వదిలివేసే పని ఇదే. ఒక్క సెల్ ముందే నిండితే బ్యాటరీ మొత్తానికి ఛార్జింగ్ ఆగుతుంది. పని చేసేటప్పుడు ఉంగరం, గడియారం తీసివేసి, స్పానర్‌కు ఇన్సులేషన్ టేపు చుట్టుకోవలెను. పాజిటివ్ టెర్మినల్‌కు దగ్గరలోనే డి.సి. ఫ్యూజు ఉండవలెను. పొలం దారుల కుదుపులకు సెల్స్ కదలకుండా పెట్టెలో బిగించవలెను. ఎండలో పని చేసి వచ్చిన వెంటనే గాని, గడ్డివాము పక్కన గాని, పశువుల పాకలో గాని ఛార్జింగ్ పెట్టరాదు.

రోడ్డుపై తిరిగే రిజిస్టర్డ్ వాహనమైతే 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 వర్తిస్తుంది. రవాణా శాఖ అనుమతి పొందిన తరువాతే మార్పు చేయవలెను. తీసివేసిన పాత బ్యాటరీలకు సీసం విలువ ఉంటుంది కనుక డీలర్లు తూకానికి తీసుకుంటారు. వాటి ఆమ్లాన్ని పొలంలోగాని, కాలువలోగాని ఒంపరాదు. అందులో కరిగిన సీసం నేలలో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది.