తొడ వెనక నొప్పా? ఇంకా సాగదీయకండి!

తెల్లవారుజామున నాలుగున్నరకే పలాస, టెక్కలి మైదానాల్లో, అక్కుపల్లి, బారువ తీరాల ఇసుకలో పరుగులు మొదలైపోతాయి. కానిస్టేబుల్, అగ్నివీర్, ఎస్‌ఎస్‌సీ జీడీ.. లక్ష్యం ఏదైనా పరుగు గట్టెక్కాల్సిందే. మీరూ ఆ గుంపులో ఉంటే ఇది తెలిసిన సంగతే. కాలు అరుగు మీద పెట్టి ముందుకు వంగుతారు. చాలదన్నట్టు వెనక నుంచి స్నేహితుడు వీపు మీద నొక్కుతాడు. పిరుదు కింద చురుక్కుమంటుంది. ‘పట్టేసింది అంతే, ఇంకాస్త సాగదీస్తే పోద్దిరా’ అంటాడు. మూడు నెలలైనా పోదు!

అసలేమైంది?

తొడ వెనకుండే హామ్‌స్ట్రింగ్ కండరాలు పిరుదు కింద, మనం కూర్చునే ఎముకకు అతుక్కుని ఉంటాయి. అలా అతికించేదే టెండన్. స్కూల్లో స్నాయుబంధనం అని చదువుకున్నాం కదా, అదే. బాగా ముందుకు వంగినప్పుడు ఇది ఆ ఎముకకేసి నొక్కుకుంటుంది. రోజూ బలవంతంగా సాగదీస్తూ, పైగా పరుగు పెంచుతూ పోతే దెబ్బతింటుంది. గుర్తులు తేలికే. కోచింగ్ సెంటర్ బెంచీ మీద గంట కూర్చుంటే పిరుదు కింద పోటు. పరుగు మొదట్లో నొప్పి, ఒళ్లు వేడెక్కాక తగ్గినట్టుండటం, మర్నాడు పొద్దున్న మళ్లీ రెట్టింపు. దీన్ని బిగుతు అనుకుని సాగదీస్తే పుండును గీకినట్టే.

మాత్ర వేసుకుని పరిగెత్తొద్దు

ఉద్దానం పిల్లలు మరీ జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుదిపేసిందో మీకు చెప్పక్కర్లేదు. దానికి కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలైందీ అందుకే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు కిడ్నీలకు రక్త సరఫరాను తగ్గించగలవు. చెమటతో ఒంట్లో నీరు తగ్గినప్పుడు ముప్పు ఇంకా ఎక్కువ. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని వారాల తరబడి మింగకండి. డాక్టర్‌ దగ్గరికెళితే ‘మాది ఉద్దానం’ అని ముందే చెప్పండి. క్రియాటినిన్ పరీక్ష అవసరమా అని అడగండి.

మరేం చేయాలి?

• వంగి సాగదీయడం, స్ప్రింట్లు, లాంగ్‌జంప్, ఇసుకలో పరుగు కొన్నాళ్లు ఆపండి. పూర్తిగా మంచమెక్కొద్దు. నొప్పి లేనంత మేర నడవండి.

• వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, నడుము పైకెత్తి 30 నుంచి 45 సెకన్లు ఆపండి. అలా నాలుగైదుసార్లు. తేలికయ్యాక ఒంటికాలితో. టెండన్‌కు కావాల్సింది నిదానంగా పెరిగే బరువు. బరువులతో వంగి లేచే వ్యాయామాలు ఆఖరి దశలోనే, ఫిజియోథెరపిస్టు చూపించాకే.

• మర్నాడు ఉదయాన్నే లెక్క చూసుకోండి. నొప్పి నిన్నటిలాగే ఉంటే సరే. పెరిగితే నిన్న ఎక్కువ చేశారన్నమాట, ఒక మెట్టు దిగండి.

• చదువుకునేటప్పుడు మెత్త వేసుకోండి. అరగంటకోసారి లేచి నిలబడండి.

• పరుగు మళ్లీ మొదలుపెట్టేటప్పుడు చదును నేల మీద రెండు నిమిషాలు నడక, ఒక నిమిషం జాగింగ్. వేగం అన్నిటికన్నా చివర.

‘టప్’మన్న శబ్దం, నల్లగా కమిలిన మచ్చ, కాల్లో తిమ్మిరి, గజ్జల్లో అడుగేస్తే పెరిగే నొప్పి.. వీటిలో ఏది ఉన్నా ఆగొద్దు. టెక్కలి జిల్లా ఆసుపత్రిలోనో, దగ్గర్లోనో ఎముకల డాక్టర్‌కు చూపించుకోండి. గజ్జల్లో నొప్పి ఎముక చిట్లిన గుర్తు కూడా కావచ్చు.

టైమ్ పోతుందనుకోకండి

ఈ గాయం మానడానికి తరచూ మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. భయపడకండి. 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ వస్తే, 2023 జనవరిలో ప్రిలిమ్స్ అయ్యాయి. దేహదారుఢ్య పరీక్షలు మొదలైంది 2024 డిసెంబరు ఆఖర్లో! ఆ రెండేళ్లూ రోజూ ప్రాణం పెట్టి పరిగెత్తడం కాదు, ఆ రోజుకి కాలు నిలబడటం ముఖ్యం. అందులో 1600 మీటర్లకు పురుషులకు 8 నిమిషాలు, మహిళలకు పదిన్నర నిమిషాలు. క్రమంగా చేరుకోగలిగిన టైమే.

నీరజ్ చోప్రానే చూడండి. 2024 మేలో తొడ లోపలి కండరం ఇబ్బంది పెట్టడంతో ముందుజాగ్రత్తగా ఓస్ట్రావాలో జావెలిన్ విసరలేదు. ఆగస్టులో పారిస్‌లో 89.45 మీటర్లు విసిరి రజతం తెచ్చాడు. ఒక పోటీ వదులుకోవడం ఓటమి కాదు. ఈ నెలలు అరిథ్‌మెటిక్, రీజనింగ్, జీకేకి ఇచ్చేయండి. మెరిట్ తేల్చేది రాతపరీక్షే అయిన చోట అదే మీ లాభం. రేపు ఉదయం ఎవరైనా వీపు మీద చెయ్యేసి నొక్కబోతే మాత్రం ‘వద్దురా’ అనండి.