వాకింగ్‌లో మీ కుక్క మొండికేస్తోందా? తిట్టేముందు నేల మీద చెయ్యి పెట్టి చూడండి!

శివరాత్రితో చలి వెళ్లిపోతుందని మన పెద్దలు చెబుతుంటారు. హైదరాబాద్‌లో ఆ మార్పు బాగానే తెలుస్తుంది. తెల్లవారుజామున ఇంకా చల్లగానే ఉంటుంది, మధ్యాహ్నానికి మాత్రం ఎండ చురుక్కుమంటుంది. పార్కుల్లో చెట్లు చిగుర్లు వేస్తుంటాయి. పెట్ డాగ్‌ని తిప్పడానికి ఇదే మంచి సీజన్ అనిపిస్తుంది. నిజమే కానీ, చలికాలం టైమింగ్స్‌నే ఇప్పుడూ ఫాలో అయితే మాత్రం ఇబ్బందే.

సాయంత్రం నాలుగున్నరకు పార్కుకు తీసుకెళ్లారు అనుకుందాం. పది నిమిషాలు నడిచాక కుక్క ఆగిపోతుంది. ఒక కాలు ఎత్తుతుంది, గడ్డి వైపు లాగుతుంది, లేదంటే నీడలో కూలబడుతుంది. మనం మొండికేసిందనుకుని బెల్ట్ పట్టుకుని లాగుతాం. కానీ దాని కాళ్లు కాలుతూ ఉండొచ్చు!

అసలు ఏం జరుగుతుంది?

గాలిలో వేడి 30 డిగ్రీలే ఉన్నా, ఎండ తగిలే తారు రోడ్డు 50 డిగ్రీలు దాటొచ్చు. సిమెంట్ ట్రాక్, టైల్స్ కూడా బాగా వేడెక్కుతాయి. మనకు చెప్పులుంటాయి కాబట్టి తెలియదు. కుక్కవి ఉత్త పాదాలు.

పైగా మనలాగా కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. దాని చెమట గ్రంథులు ప్రధానంగా పాదాల్లోనే ఉంటాయి. నాలుక బయటపెట్టి రొప్పడమే దానికున్న ముఖ్యమైన కూలింగ్ సిస్టమ్. పగ్, బుల్‌డాగ్ లాంటి పొట్టి ముక్కు కుక్కలకు అది కూడా సరిగ్గా పనిచేయదు. వాటితో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

7 సెకన్ల టెస్ట్

బయల్దేరే ముందు అరచేతి వెనక భాగాన్ని నేలకు ఆనించి ఏడు సెకన్లు ఉంచండి. మీరు ఉంచలేకపోతే మీ కుక్క కూడా నడవలేదు. సూర్యోదయం వేళ వాకింగ్ బెస్ట్. సాయంత్రమైతే పొద్దుగూకాక కాసేపు ఆగండి, ఎందుకంటే పగలంతా పీల్చుకున్న వేడిని నేల వెంటనే వదలదు. ట్రాక్ బదులు గడ్డి మీద, మట్టి మీద నడిపించండి. వెంట నీళ్ల బాటిల్, చిన్న గిన్నె తప్పనిసరి.

ఈ లక్షణాలు కనిపిస్తే..

కుక్క నార్మల్ టెంపరేచర్ 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ వరకు ఉంటుంది. 105 దాటిందంటే ప్రాణం మీదకు వచ్చినట్టే. ఆగకుండా రొప్పడం, చిక్కటి చొంగ, చిగుళ్లు బాగా ఎర్రబడటం, తూలడం, వాంతులు.. ఇవన్నీ వడదెబ్బ గుర్తులు. వెంటనే నీడలోకి చేర్చండి. చల్లటి నీళ్లతో ఒళ్లంతా తడిపి గాలి తగలనివ్వండి. తడి టవల్ కప్పి వదిలేయొద్దు, వేడి లోపలే ఉండిపోతుంది. నీళ్లు బలవంతంగా నోట్లో పోయొద్దు. ఒళ్లు తడుపుతూనే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

ఇంటికొచ్చాక 2 నిమిషాలు

వాతావరణం వేడెక్కేకొద్దీ గోమార్ల బెడద పెరుగుతుంది. చెవుల లోపల, మెడ బెల్ట్ కింద, కాలి వేళ్ల మధ్య వెతకండి. ఇవి కుట్టడం వల్ల టిక్ ఫీవర్ వస్తుంది. కుక్క తిండి మానేసినా, డల్‌గా పడుకున్నా, ముక్కులోంచి రక్తం వచ్చినా బ్లడ్ టెస్ట్ చేయించాల్సిందే. మనం వాడే జ్వరం మాత్రలు మాత్రం అస్సలు వేయొద్దు. పారాసెటమాల్ కుక్కలకు విషంతో సమానం.

ఎక్కడికి తీసుకెళ్లాలి?

అన్ని పార్కుల్లోకీ కుక్కల్ని రానివ్వరు. ఉదాహరణకు కేబీఆర్ పార్క్ నేషనల్ పార్క్ కాబట్టి అక్కడ పెంపుడు కుక్కలకు నో ఎంట్రీ. కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ 2018లో కుక్కల కోసమే ప్రత్యేకంగా ఒక పార్క్ తెరిచింది. ఎక్కడికెళ్లినా బెల్ట్ వదలొద్దు. రేబిస్ టీకా టైముకి వేయించండి. మలం తీయడానికి కవర్ మర్చిపోవద్దు, అదే ట్రాక్ మీద చిన్నపిల్లలు కూడా ఆడుకుంటారు.

కుక్క నోరు తెరిచి కాళ్లు కాలుతున్నాయని చెప్పలేదు. ఆగిపోవడమే అది చెప్పే మాట. కాబట్టి ఈసారి ఆగితే లాగకండి.. ఒక్కసారి వంగి నేలను తాకి చూడండి.