మన పిల్లలకు కావలసిన కాగితములు

ప్రతి సంవత్సరము పదవ, పండ్రెండవ తరగతుల ఫలితములు వెలువడినంతనే మన తూర్పు భాగమునుండి కచేరీలకు పోవు తల్లిదండ్రుల సంఖ్య హెచ్చును. తండ్రి మగ్గము విడిచి పోవును, తల్లి బీడీలు చుట్టుట మానుకొనును. అయినను కులప్రమాణపత్రము చేతికి రాక, కళాశాలలో చేరు గడువు దాటిపోవుట కలదు. అధికారుల ఆలస్యము ఇందులకు కొంత కారణమే. కాని మేము చూచినంతవరకు పెక్కు చిక్కులు కాగితములలోనే యున్నవి.

మన పెద్దలలో అనేకులు నల్లగొండ, కరీంనగరు, పాలమూరు ప్రాంతములనుండి వచ్చినవారు. అవి 1948 వరకు నిజాము రాజ్యములోనివి. షోలాపురము బొంబాయి ఇలాకాలోనిది. అచ్చటి పాత కాగితములలో ఉర్దూ వ్రాతయు, ఫసలీ సంవత్సరములును కనబడును. 1357 ఫసలీ యనగా 1947-48 అని యెఱుగని గుమాస్తా దానిని త్రిప్పి పంపినచో ఆశ్చర్యము లేదు. ఆ జిల్లాలు 1956లో ఆంధ్రప్రదేశమున చేరెను, 2014లో తెలంగాణమయ్యెను.

ఇంతకంటె పెద్ద చిక్కు పేరు. మనము ఇంటిపేరు ముందు వ్రాయుదుము. మరాఠీ పద్ధతిలో బిడ్డ పేరు, తండ్రి పేరు, తుదకు ఇంటిపేరు. 2024 మే 1 మొదలు పుట్టిన బిడ్డలకు తండ్రి పేరునకు ముందు తల్లి పేరును చేర్చవలెను. ఒక గుమాస్తా మన ఇంటిపేరునే బిడ్డ పేరుగా వ్రాసికొనును. లిపి తంటా వేఱు. తెలుగున ఒకారమునకును ఓకారమునకును గల భేదము మరాఠీ వ్రాతలో లేదు. పదాంతమందలి అకారమును వారు పలుకరు. కావున 'కొండ' అను ఇంటిపేరు ఒకచోట 'కోండ్', వేఱొకచోట 'కోండా' అగును. నర్సయ్య ఒక కాగితమున నరసయ్య, మఱియొకదానిలో నరసింహ. మనకు ఒక్కడే, కచేరీకి ముగ్గురు.

కులపత్రమునకు తండ్రి వైపు ఆధారములే ముఖ్యము. ఇతర వెనుకబడిన తరగతులవారు 1967 అక్టోబరు 13 నాటికే తమ కుటుంబము మహారాష్ట్రమున నివసించెనని చూపవలెను. తాతయో, మేనత్తయో ఇచ్చటి బడిలో చదివియుండినచో ఆ దాఖలా బంగారము. పాత పెట్టెలు వెదకుడు. తరువాత వచ్చిన కుటుంబములకు ఈ రాష్ట్రపు రాయితీలు లభింపవు. ఈ సంగతి ముందే తెలిసినచో వ్యర్థపు తిరుగుడు తప్పును. పత్రము వచ్చినను దానిని జిల్లా పరిశీలన సమితి మరల చూచును. తండ్రికో, అన్నకో ఆ సమితి పత్రము ఉన్నచో తప్పక జతపఱుపవలెను.

ఐరోపాకు పోయిన తెలుగువారికిని ఇట్టి బాధ తప్పలేదు. జర్మనీలో ఇల్లు మారిన రెండు వారములలో నమోదు చేయింపవలెను. ఆ పత్రము లేనిచో బ్యాంకు ఖాతా తెఱచుట సైతము కష్టము.

మన రాష్ట్రమున 2015 నుండి సేవాహక్కు చట్టము కలదు. ప్రకటింపబడిన ప్రతి సేవకును గడువు కలదు. అది దాటినచో పై అధికారికి అప్పీలు చేసికొనవచ్చును. తప్పు చేసిన అధికారికి 500 మొదలు 5,000 రూపాయల వఱకు జుల్మానా విధింపవచ్చును. కాని తేదీగల రసీదు లేనిదే ఏమియు సాగదు. ఏజెంటు చేతికి కాగితములిచ్చి రసీదు అడుగనివారే మనలో ఎక్కువ.

బడి రిజిస్టరులోని తప్పు, పిల్లవాడు బడిలో నున్నప్పుడే సులభముగా దిద్దుకొనవచ్చును. నాల్గవ, తొమ్మిదవ తరగతుల పిల్లల తల్లిదండ్రులు దీపావళి సెలవులకు ముందు జనన ప్రమాణపత్రముతో వచ్చి—జాతకము కాదు సుమా—రిజిస్టరులోని పేరును, తేదీని సరిచూచుకొని పోవలెనని కోరుచున్నాము.