మన పన్నుతో నడిచే గ్రంథాలయం

 

మీ ఇంటిపన్ను రసీదు తీయండి. కూడబలుక్కుని చదవండి. "గ్రంథాలయ పన్ను" అనే మాట ఉందేమో చూడండి.

1960 నాటి చట్టం ప్రకారం ఈ పన్ను వసూలు చేస్తారు. రూపాయి ఇంటిపన్నుకు 8 పైసలు. 500 రూపాయల ఇంటిపన్ను కడితే, దాని మీద 40 రూపాయలు గ్రంథాలయాలకు కడుతున్నట్టే. అంటే గ్రంథాలయం మన డబ్బుతో నడుస్తోంది. అది మన హక్కు.

"సెల్‌ఫోన్ ఉందిగా, గ్రంథాలయం ఎందుకు?" అంటారు కొందరు. ఫోన్ మంచిదే. కానీ ఇంట్లో ఒక్క ఫోనే ఉంటే అది ఎవరి చేతిలో ఉంటుంది? రీఛార్జి అయిపోతే ఏం చేస్తాం? పైగా ఫోన్‌లో మాటలు వింటాం, బొమ్మలు చూస్తాం. చదివేది తక్కువ. చదవకపోతే నేర్చిన అక్షరాలు మరిచిపోతాం.

గ్రంథాలయంలో పేపరు ఉంటుంది. కథల పుస్తకాలుంటాయి. కూర్చుని చదువుకుంటే ఎవరూ డబ్బు అడగరు. కొంచెం డిపాజిట్ కట్టి సభ్యులుగా చేరితే పుస్తకం ఇంటికి తెచ్చుకోవచ్చు.

వెళ్ళేసరికి తలుపు మూసి ఉందా? పుస్తకాలు లేవా? నలుగురూ కలవండి. జిల్లా గ్రంథాలయ సంస్థకు అర్జీ రాయండి. ఇప్పుడు మనకు రాయడం వచ్చు కదా!

ఆలోచించండి:
మీకు దగ్గరలో గ్రంథాలయం ఎక్కడ ఉంది?
అది ఏ వేళల్లో తెరుస్తారు?
అక్కడికి వెళ్ళే ఆడవాళ్ళు ఎంతమంది?