అంగుళం తగ్గింది సరే, సాసు సంగతేంటి?

2013 జనవరిలో ఆస్ట్రేలియాలో ఒక కుర్రాడు సబ్‌వే అనే శాండ్‌విచ్ చెయిన్‌లో తాను కొన్న ‘ఫుట్‌లాంగ్’ పక్కన టేపు పెట్టి, ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. పేరు ప్రకారం ఉండాల్సింది 12 అంగుళాలు. టేపు మీద కనిపించింది 11. ఆ ఒక్క ఫొటో ప్రపంచమంతా తిరిగింది. అమెరికాలో లాయర్లు రోజుల వ్యవధిలోనే కోర్టు మెట్లెక్కారు. తిండి దుకాణాల్లో జనానికి ఎదురయ్యే అనుభవాల్లో ఇంత ఖరీదైన అంగుళం మరొకటి ఉండకపోవచ్చు.

కేసులన్నీ ఒక్కచోట చేర్చి విచారిస్తుండగా, రొట్టెలు కొలిచాక తేలిందేమిటంటే చాలా మటుకు రొట్టెలు 12 అంగుళాలే ఉన్నాయి. తగ్గినవి కూడా ఎక్కువగా పావు అంగుళం దగ్గర తగ్గాయి. పైగా దుకాణాలకు పిండి కడ్డీల రూపంలో గడ్డకట్టించి వస్తుంది. అన్ని కడ్డీల బరువూ ఒకటే. ఓవెన్‌లో ఒకటి కాస్త పొడవుగా సాగుతుంది, ఇంకొకటి కాస్త లావుగా పొంగుతుంది. పొట్టి రొట్టె తిన్నవాడికీ, పొడుగు రొట్టె తిన్నవాడికీ కడుపులోకి వెళ్లిన పిండి ఒక్కటే. మాంసం, చీజ్ కూడా ఇన్ని ముక్కలని లెక్కపెట్టి వేసేవే కాబట్టి వాటిలోనూ తేడా లేదు.

అయినా రాజీ కుదిరింది. దుకాణాల్లో కొలత పరికరాలు ఉంచుతామని, రొట్టెలు కొలుస్తామని కంపెనీ ఒప్పుకుంది. లాయర్ల ఫీజు 5,20,000 డాలర్లు. కేసు వేసిన ఒక్కొక్కరికీ 500 డాలర్లు. మరి శాండ్‌విచ్ తిన్న లక్షల మందికి? సున్నా. 2017 ఆగస్టులో షికాగోలోని ఏడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు ఈ రాజీని కొట్టేసింది. ఒప్పందానికి ముందు రొట్టె పొట్టిగా వచ్చే అవకాశం ఎంతో, ఒప్పందం తర్వాతా అంతే ఉన్నప్పుడు తిన్నవాళ్లకు ఒరిగిందేమీ లేదని తేల్చింది. నాకైతే ఆ తీర్పులో వంక పెట్టడానికి ఏమీ కనిపించలేదు.

జనం ఎందుకు అంత ఉడికిపోయారో మాత్రం అర్థమవుతుంది. కూరగాయల బండి దగ్గర కిలో వంకాయలు తూచాక ఇంకో రెండు కాయలు పైన పడేసే కొసరుకు అలవాటుపడ్డ మనసు మనది. అసలులోనే కోత పడిందంటే ఎవరికైనా కోపం వస్తుంది. సబ్‌వే కౌంటర్‌లో కొసరు ఎందుకు పుట్టదో తెలియాలంటే మాత్రం రొట్టెను వదిలి దుకాణదారు గల్లాపెట్టెలోకి చూడాలి.

1965 ఆగస్టులో అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, బ్రిడ్జ్‌పోర్ట్ అనే ఊళ్లో, 17 ఏళ్ల ఫ్రెడ్ డెలూకా ఈ కంపెనీ మొదటి దుకాణం తెరిచాడు. పెట్టుబడి 1,000 డాలర్లు. ఇచ్చింది కుటుంబ మిత్రుడు పీటర్ బక్. ఆయన అణుభౌతిక శాస్త్రవేత్త. పదేళ్లలో 32 దుకాణాలు పెట్టాలన్నది వాళ్ల లక్ష్యం. 1974 నాటికి సగమే అయ్యాయి. సొంతంగా పెడుతూ పోతే పని కాదని అప్పుడు ఫ్రాంచైజీ దారి పట్టారు. అక్కణ్నుంచి కథ పరుగు అందుకుంది. 2015 నాటికి ఒక్క అమెరికాలోనే దాదాపు 27,000 దుకాణాలు ఉండేవి. తర్వాత దిగుతూ దిగుతూ 20,000 దగ్గరికి వచ్చాయి. 2024లో రోర్క్ క్యాపిటల్ అనే పెట్టుబడి సంస్థ కంపెనీని కొనేసింది.

దుకాణం నడిపేది స్థానిక యజమాని. అమెరికాలో ఆయన తన అమ్మకాల మీద 8 శాతం రాయల్టీ, మరో 4.5 శాతం ప్రచార నిధి కంపెనీకి కట్టాలి. రెండూ కలిపి 12.5 శాతం. గమనించాల్సింది ఏమిటంటే ఇది లాభం మీద కాదు, అమ్మకం మీద. 2008లో దేశమంతా మోగిపోయిన ‘అయిదు డాలర్ల ఫుట్‌లాంగ్’ సంగతే చూడండి. ఒక్కటి అమ్మితే 62.5 సెంట్లు ముందే పక్కకు పోతాయి. మిగిలిన 4 డాలర్ల 37 సెంట్లలోనే రొట్టె, మాంసం, కూరలు, కాగితం, అద్దె, కరెంటు, జీతాలు. ధర తగ్గించినందుకు జనం ఎగబడితే కంపెనీకి ప్రతి అమ్మకంలోనూ వాటా వస్తుంది. యజమానికి మాత్రం ఒక్కో శాండ్‌విచ్ మీద మిగిలేది చిల్లరే. ఈ ధర ఆలోచన పుట్టింది మయామీలోని ఒక ఫ్రాంచైజీ యజమాని బుర్రలోనే అయినా, పదేళ్ల తర్వాత 2018లో 4.99 డాలర్ల ఆఫర్‌ను కంపెనీ మళ్లీ తెస్తే ఎదురు తిరిగిందీ ఫ్రాంచైజీ యజమానులే. 2008 నాటి అయిదు డాలర్లు ఇప్పటి లెక్కలో ఏడు డాలర్ల పైమాట.

కౌంటర్‌లో ‘ఇంకో రెండు ఆలివ్‌లు వేయండి’ అంటే అవతలి మొహం ఎందుకు బిగుసుకుంటుందో ఇప్పుడు తెలిసింది కదా. ప్రతి దినుసుకూ లెక్క ఉంటుంది. ఆరంగుళాల శాండ్‌విచ్‌కు చీజ్ ముక్కోణాలు రెండు, ఫుట్‌లాంగ్‌కు నాలుగు. ఆ ముక్కోణాల మీద కూడా అభిమానులు ఏళ్ల తరబడి పోట్లాడారు. అన్నిటి కొననూ ఒకే వైపు తిప్పి పేరిస్తే ఒకచోట చీజ్ మీద చీజ్ పడి, పక్కన రొట్టె ఖాళీగా మిగులుతుంది. ఒకటి నిలువుగా, ఒకటి తలకిందులుగా పెడితే అదే చీజ్ రొట్టె అంతా పరుచుకుంటుంది. ఒక్క పైసా అదనపు ఖర్చు లేకుండా తినేవాణ్ని సంతోషపెట్టే పని ఇది. మర్యాదగా అడిగితే చేసిపెడతారు కూడా. ఆ కౌంటర్ వెనక ఉన్నవాళ్లను కంపెనీ ‘శాండ్‌విచ్ ఆర్టిస్ట్’ అని పిలుస్తుంది. అమెరికా క్యాంపస్‌లలోని ఇలాంటి కౌంటర్ల వెనక మన విద్యార్థులు కూడా కనిపిస్తారు. వాళ్ల వీసా నియమాల ప్రకారం తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు.

ఇక వరుసలో నిలబడ్డవాడి బాధ వేరు. ఏ రొట్టె? ఎంత పొడవు? లోపల ఏం పెట్టాలి? వేడి చేయాలా? చీజ్ వేయాలా? ఏ కూరలు? ఏ సాసు? వెనక నలుగురు నిలబడి ఉంటారు. మొదటిసారి వెళ్లిన పెద్దవాళ్లు మూడో ప్రశ్నకే ‘ఏదో ఒకటి వేసెయ్యి బాబూ’ అనేస్తారు. వాళ్లను చూసి నవ్వాల్సిన పనిలేదు, ఒక చిన్న లెక్క వేద్దాం. రొట్టెలు 4 రకాలు, పొడవులు 2, లోపలి ఫిల్లింగ్ 10 రకాలు, వేడి చేయడం లేదా చేయకపోవడం 2 అనుకుందాం. కూరలు ఎనిమిది ఉంటే, ఒక్కోదానికి అవును, కాదు అని చెప్పుకుంటూ పోతే 256 కలయికలు. పది సాసుల్లో ఏదీ వద్దనో, ఒకటనో, రెండనో అడిగితే 56 రకాలు. అన్నీ హెచ్చవేస్తే 22,93,760. చీజ్ జోలికి ఇంకా పోనేలేదు.

‘మీకు నచ్చినట్టు’ అన్న మాట మీదే యాభై ఏళ్లకు పైగా బతికిన కంపెనీ 2022 జులైలో అమెరికాలో 12 రకాల శాండ్‌విచ్‌లను తానే కూర్చి, మెనూలో పెట్టింది. జనం పేరో, నంబరో చెబితే చాలు. ఎంపిక స్వేచ్ఛ ఒక హద్దు దాటాక శ్రమ అవుతుందని అర్థమయ్యాకే ఈ పని చేసి ఉంటారని నా అనుమానం.

ఆ లక్షల కలయికల్లో ఒంటికి తేడా చేసేవి మాత్రం రెండో మూడో ఉంటాయి. ఆరంగుళాల తెల్ల రొట్టెలో సుమారు 200 కేలరీలు. లెట్యూస్ ఆకులు, టమాటా, కీరదోస లాంటివి వంద గ్రాములు తిన్నా ఇరవై కేలరీలు దాటవు. కాబట్టి ‘ఉల్లిపాయ వద్దు, టమాటా రెండే’ అని మనం పడే తర్జనభర్జన అంతా రుచి కోసమే, లెక్కల్లో దాని ప్రభావం శూన్యం. ఇక చిట్టచివర, డబ్బులు తీస్తూ తల ఊపేసే ప్రశ్న సాసు. మామూలు మయోన్నైజ్ ఒక పెద్ద చెంచాకు దాదాపు 90 నుంచి 100 కేలరీలు. సీసా రెండుసార్లు అటూ ఇటూ నొక్కితే రెండు చెంచాలు ఇట్టే పడతాయి. అంటే మొత్తం రొట్టెలో ఎన్ని కేలరీలో, ఆ తెల్లటి గీతల్లోనూ ఇంచుమించు అన్ని. పొడవు కోసం కోర్టుకెళ్లిన జనంలో సాసు కొలిచినవాడు ఒక్కడూ లేడు.

మయోన్నైజ్ అంటే తెలంగాణలో ఇంకో సంగతీ ఉంది. పచ్చి గుడ్లతో చేసే మయోన్నైజ్‌ను రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరు 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది. ఉడకని గుడ్డులో సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియా ఉండొచ్చు. బయటి ఉష్ణోగ్రతలో గంటల తరబడి ఉంచితే పెరుగుతుంది. మన చెయిన్ రెస్టారెంట్లలో, బేకరీల్లో గుడ్డు లేని రకం విరివిగా వాడతారు. దానితో ఆ భయం తగ్గుతుంది కానీ నూనె తగ్గదు.

రొట్టె విషయంలోనూ ఐర్లండ్ సుప్రీంకోర్టు 2020లో ఒక తమాషా లెక్క తేల్చింది. అక్కడి పన్ను చట్టంలో రొట్టె నిత్యావసరం కాబట్టి దాని మీద పన్ను సున్నా. అయితే రొట్టె అనిపించుకోవాలంటే చక్కెర, పిండి బరువులో 2 శాతం దాటకూడదు. సబ్‌వే రొట్టెలో అది 10 శాతం. హద్దుకు అయిదు రెట్లు. పన్ను వెనక్కి ఇవ్వమని అడిగిన ఫ్రాంచైజీ కేసు ఓడిపోయింది. అది పన్ను కోసం ఇచ్చిన నిర్వచనమే, తినకూడదన్న హెచ్చరిక కాదు. అయినా 50 గ్రాముల పిండికి 5 గ్రాముల చక్కెర, అంటే చిన్న చెంచా నిండుగా, అన్న సంగతి తెలిసి తినడం మంచిదే. కొంత చక్కెరను ఈస్ట్ తినేస్తుంది, మిగతాది మన వాటా.

మన దేశంలో పన్ను సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. దుకాణంలో కొని తెచ్చుకునే బ్రెడ్డు ప్యాకెట్ మీద జీఎస్టీ లేదు. అదే బ్రెడ్డు రెస్టారెంట్‌లో శాండ్‌విచ్‌గా చేతికొస్తే మామూలుగా 5 శాతం. 2017 నవంబరు 15కు ముందు ఏసీ రెస్టారెంట్లలో ఇది 18 శాతం ఉండేది. తగ్గించినప్పుడే, ముడిసరుకు మీద కట్టిన పన్నును రెస్టారెంట్లు తిరిగి మినహాయించుకునే వీలును తీసేశారు.

సబ్‌వే మన దేశానికి వచ్చింది 2001లో, ఢిల్లీలో. ఇక్కడి మెనూల్లో కొలత 15, 30 సెంటీమీటర్లని కూడా కనిపిస్తుంది. పన్నెండు అంగుళాలంటే 30.48 సెంటీమీటర్లు. సెంటీమీటర్లలో చెబితే అమెరికా కోర్టులో కొట్టుకున్న పావు అంగుళంలో ముప్పాతిక వంతు మాయమైపోతుంది. మన దగ్గర పేచీ ఎక్కువగా పొడవు మీద కాదు, శాకాహారం మీద. మాంసం తాకిన చేతి తొడుగుతోనే పనీర్ తీశారా, అదే కత్తితో కోశారా అన్నదే చాలామంది చూపు. అందుకే రెండిటికీ వేరు వేరు కౌంటర్లు పెట్టారు. అనుమానం వస్తే తొడుగులు మార్చమని అడగడానికి మొహమాటపడొద్దు.

2022 జులై 1 నుంచి, పది లేదా అంతకు మించి శాఖలున్న రెస్టారెంట్లు మెనూ మీద ప్రతి పదార్థానికీ కేలరీలు చూపాలని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ఉంది. బోర్డు మీద ఆ అంకె కనిపిస్తే అందులో సాసు, చీజ్ కలిశాయో లేదో అడగండి. కనిపించకపోతే ఎందుకు లేదని అడగండి. సాసు మీ కళ్ల ముందే పడుతుంది కాబట్టి ‘ఒక్క గీత చాలు’ అని ముందే చెప్పండి. బిల్లులో సర్వీస్ చార్జీ అని వేసి, తప్పక కట్టాలంటే ఒప్పుకోనక్కర్లేదు. అది బలవంతంగా వసూలు చేయకూడదని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా తేల్చింది. దుకాణం వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.